జేఆర్‌ఎఫ్ దరఖాస్తు నుంచి మొదటి నెల ఫెలోషిప్ దాకా: సిక్కోలు, విజయనగరం పీజీ విద్యార్థులకు వరుస పని

ఎచ్చెర్ల, ఆమదాలవలస, బొబ్బిలి, రాజాం వైపు నుంచి పీజీ పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "జేఆర్‌ఎఫ్‌కి సరిగ్గా ఎలా అప్లై చెయ్యాలి సార్?" జేఆర్‌ఎఫ్ అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలనెలా వచ్చే డబ్బు. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లకి ఫోన్లో చెప్తూ వచ్చాను. ఇప్పుడు అంతా ఒకచోట రాస్తున్నాను.

సిలబస్ ఎలా చదవాలో ఇందులో ఉండదు. కాగితాలు, దరఖాస్తు, సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన), ఫలితం వచ్చేదాకా చెయ్యాల్సిన పనులు, ఫలితం వచ్చాక డబ్బు ఖాతాలో పడేదాకా తిరగాల్సినవి ఉంటాయి. మన వైపు పిల్లలు చదువులో కన్నా కాగితాల దగ్గరే ఎక్కువ నష్టపోవడం చూశాను. అందుకే ఆ భాగం పొడుగ్గా రాశాను.

1. ముందు మీ దారి ఏదో తేల్చుకోండి

జేఆర్‌ఎఫ్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ద్వారా వస్తుంది. తెలుగు, హిస్టరీ, ఎకనామిక్స్, కామర్స్, సోషల్ వర్క్ లాంటివి చదివితే యూజీసీ నెట్. కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, లైఫ్ సైన్సెస్, ఎర్త్ సైన్సెస్ అయితే సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్. రెండూ ఎన్‌టీఏ (జాతీయ పరీక్షల సంస్థ) నిర్వహిస్తుంది, మామూలుగా జూన్, డిసెంబరు పేర్లతో ఏడాదికి రెండుసార్లు. పేరు జూన్ అయినంత మాత్రాన పరీక్ష జూన్‌లోనే జరగాలని లేదు.

యూజీసీ నెట్‌లో రెండు పేపర్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు. తప్పుకు మార్కు కొయ్యరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. సీఎస్‌ఐఆర్‌లో అలా కాదు, ఎ, బి భాగాల్లో తప్పు జవాబుకు పాతిక శాతం పోతుంది. యూజీసీ పేపరు చూసిన స్నేహితుడి మాట విని సైన్స్ వాళ్లు అన్నీ గుడ్డిగా పెట్టేసి రావడం ప్రతిసారీ జరుగుతోంది.

జేఆర్‌ఎఫ్‌కి వయసు 30 దాటకూడదు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు, మహిళలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. యూజీసీ నెట్‌కి పీజీలో 55 శాతం కావాలి, రిజర్వుడు వర్గాలకు 50. ఈడబ్ల్యూఎస్ వాళ్లకు మార్కుల్లో గానీ వయసులో గానీ సడలింపు లేదు. పీజీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయొచ్చు.

నెట్ కాకుండా ఇంకొన్ని దార్లు:

ఎస్టీ విద్యార్థులకు గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏడాదికి 750 ఫెలోషిప్పులు ఇస్తుంది. దీనికి నెట్ అక్కర్లేదు. పీహెచ్‌డీలో చేరి ఉండాలి, ఆ శాఖ ఫెలోషిప్ పోర్టల్లో విడిగా దరఖాస్తు పెట్టాలి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు సవర, జాతాపు పిల్లల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. మీకు తెలిసినవాళ్లుంటే ఈరోజే చెప్పండి.

తల్లిదండ్రులకు ఒక్కతే కూతురైతే, అన్నదమ్ములు లేకపోతే, సావిత్రీబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్ ఉంది. సైన్స్ పీజీలో యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు వచ్చినవాళ్లు ఇన్‌స్పైర్ అనే కేంద్ర ఫెలోషిప్ చూసుకోవాలి.

అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ ఇచ్చే జీఆర్‌ఎఫ్‌పీ ఫెలోషిప్ గురించి కూడా అడుగుతున్నారు. అది అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే. దాని మీద సమయం పెట్టకండి.

2. కాగితాలు: ప్రకటన రాకముందే మొదలుపెట్టండి

పేరు

మనకు ఇంటిపేరు ముందు రాసే అలవాటు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. పాన్ కార్డులో అదే ఇంటిపేరు చివరికి పోతుంది. అప్పలనాయుడు ఒకచోట ఒకే మాటగా, ఇంకోచోట రెండు మాటలుగా ఉంటుంది. "శ్రీ" ఒకచోట ఐ తో, ఇంకోచోట రెండు ఈ లతో. మనకి ఇవన్నీ ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం వేర్వేరు మనుషులు.

నాకు ఈ దెబ్బ సొంతంగా తగిలింది. జేఆర్‌ఎఫ్ వచ్చింది, చేరాను, ఇంటిపేరు తేడా దగ్గర నా ఫైలు ఆగిపోయింది. నాలుగు నెలలు నాన్న పంపిన డబ్బుతో గడిపాను. ఆ ఏడాది మాకు వరి కూడా సరిగా పండలేదు. పరీక్షకు ముందే ఒక పూట ఆధార్ సెంటర్లో కూర్చుని ఉంటే ఆ నాలుగు నెలల ఇబ్బంది ఉండేది కాదు.

చెయ్యాల్సిన వరుస ఇది. టెన్త్ మెమోని మూలంగా పెట్టుకోండి. ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ దానికి సరిగ్గా అక్షరం అక్షరం కలిసేలా మార్పించండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండు అవకాశాలే ఇస్తారు కాబట్టి కాగితం మీద రాసుకుని వెళ్లి, ఆపరేటర్ టైప్ చేసింది స్క్రీన్ మీద చదివాకే సరే అనండి. తర్వాత బ్యాంకు ఖాతా, ఆ తర్వాత పాన్. దరఖాస్తులో కూడా టెన్త్ మెమోలో ఉన్నట్టే రాయండి.

పెళ్లయిన అమ్మాయిలకు ఒక మాట. అత్తింటి ఇంటిపేరుతో ఆధార్ మార్చుకునే ఆలోచన ఉంటే పీహెచ్‌డీ అయ్యేదాకా ఆగమ్మా. ఇప్పటికే మారిపోయి ఉంటే పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం, గెజిట్ లేదా అఫిడవిట్ ఫైలులో సిద్ధంగా ఉంచు.

కులం, ఆదాయం

రాష్ట్రంలో బీసీ అయితే కేంద్రంలో ఓబీసీ అయిపోయినట్టే అనుకుంటారు. అలా లేదు. రెండు జాబితాలు వేరు. రాష్ట్ర బీసీ జాబితాలో ఉండి కేంద్ర ఓబీసీ జాబితాలో లేని కులాలున్నాయి. కొన్ని కులాల పేర్ల పక్కన ఫలానా జిల్లాల వాళ్లకే అని కూడా ఉంటుంది. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆంధ్రప్రదేశ్ జాబితా తెరిచి, మీ కులం పేరు, పక్కన రాసిన షరతు చూసుకోండి. లేకపోతే జనరల్‌గానే వెయ్యాలి. 8 లక్షల లోపు ఆదాయముంటే ఈడబ్ల్యూఎస్‌కి అర్హత ఉందేమో ఎమ్మార్వో ఆఫీసులో అడగండి.

ఓబీసీ వాళ్లకు కావాల్సింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్. కాలేజీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి వాడిన కుల ధ్రువపత్రం ఇక్కడ చెల్లదు. సచివాలయంలో గానీ మీసేవలో గానీ అడిగేటప్పుడు "సెంట్రల్ ఓబీసీ" అని స్పష్టంగా చెప్పండి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరానికి వచ్చాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం పార్వతీపురం మన్యంలో కలిశాయి. అక్కడివాళ్ల పాత పత్రాల్లో శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది. కొత్త జిల్లా పేరుతో తాజా సర్టిఫికెట్ తీసుకుని, పాతది కూడా దాంతో పాటు పిన్ చేసి పెట్టుకోండి. ఎవరైనా అడిగితే రెండూ చూపించొచ్చు.

దివ్యాంగులు సదరం సర్టిఫికెట్ ఒక్కదానితో ఆగకుండా యూడీఐడీ కార్డు (దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డు) కూడా చూసుకోండి. మూడు గంటల పరీక్షకి అదనంగా గంట సమయం ఉంటుంది.

బ్యాంకు

ఫెలోషిప్ డబ్బు ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాకి వస్తుంది. మన పిల్లలకి స్కాలర్‌షిప్ కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాలు రెండు మూడు ఉంటాయి. వాటిలో ఏది ఆధార్‌కి లింకై ఉందో బ్రాంచిలో అడిగి తెలుసుకోండి. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పాత పాసుపుస్తకం చూసి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ రాసెయ్యకండి.

ఫైలులో ఉండాల్సినవి:

☐ టెన్త్ మెమో
☐ డిగ్రీ, పీజీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్ లేదా ఓడీ (ఒరిజినల్ డిగ్రీ)
☐ ఆధార్, దానికి లింకైన ఫోన్ నంబరు పనిచేస్తూ ఉండాలి
☐ కుల, నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ లేదా సదరం పత్రం, మీకు వర్తించేది
☐ ఆధార్‌కి లింకైన ఖాతా పాసుపుస్తకం మొదటి పేజీ
☐ తెల్ల వెనకతలంతో ఈమధ్య తీసిన ఫోటో, తెల్ల కాగితం మీద సంతకం

అన్నీ స్కాన్ చేసి మీ సొంత ఈమెయిల్‌లో దాచుకోండి. నెట్ సెంటర్ వాళ్ల కంప్యూటర్‌లో వదిలేసి రావద్దు.

3. దరఖాస్తు నింపే వరుస

ఎ. సమాచార బులెటిన్ మొత్తం డౌన్‌లోడ్ చేసి మీ సబ్జెక్టు, అర్హత, వయసు లెక్క పెట్టే తేదీ ఉన్న పేజీలు చదవండి. యూట్యూబ్ వీడియో చూస్తే సరిపోదు.

బి. ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి. నెట్ సెంటర్ అన్నయ్య మెయిల్ పెట్టి, తర్వాత ఓటీపీ కోసం అతని చుట్టూ తిరిగినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

సి. సబ్జెక్టు కోడ్ పీజీ సబ్జెక్టుకి సరిపోవాలి. మాధ్యమం దగ్గర జాగ్రత్త. భాషా సబ్జెక్టులు తప్ప మిగతా పేపర్లు ఇంగ్లిష్, హిందీలోనే ఉంటాయి. తెలుగు మీడియంలో చదివినా ఇంగ్లిష్ ఎంచుకోవాలి. తెలుగు సబ్జెక్టు వాళ్లకి కూడా మొదటి పేపరు ఇంగ్లిష్, హిందీలోనే వస్తుంది.

డి. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్‌లో మూడు అర్హతలున్నాయి: జేఆర్‌ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్, అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. మీకు వయసు ఉంటే మొదటిదే ఎంచుకోండి. ఈ గడిలో టిక్ తప్పితే ఎన్ని మార్కులొచ్చినా జేఆర్‌ఎఫ్ రాదు.

ఇ. ఎస్సీ, ఓబీసీ ఫెలోషిప్పులు నెట్ మెరిట్ మీదే ఇస్తారు. దరఖాస్తులో వాటి గురించి అడిగితే చదవకుండా "నో" కొట్టెయ్యకండి.

ఎఫ్. ఇటీవలి యూజీసీ నెట్ ప్రకటనల్లో ఫీజు జనరల్‌కి 1150, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్‌కి 600, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 325 రూపాయలు. డబ్బు కట్ అయింది కదా అని లేచి వచ్చెయ్యకండి. కన్ఫర్మేషన్ పేజీ వచ్చిందా? అది రాకపోతే మీరు దరఖాస్తు చెయ్యనట్టే లెక్క.

జి. గడువు అయ్యాక రెండు మూడు రోజులు సవరణకు అవకాశం ఇస్తారు. తప్పు లేదనుకున్నా ఆ రోజుల్లో ఒకసారి తెరిచి చూడండి. ఇంకొకరి చేత కూడా చదివించండి, మన తప్పు మన కంటికి ఆనదు.

చివరి రోజు దాకా ఆగొద్దని అందరూ అంటారు. మనకు దానికి ఇంకో కారణం ఉంది. డిసెంబరు విడత దరఖాస్తులు ఎక్కువగా తుపాన్ల కాలంలోనే వస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. ప్రకటన వచ్చిన మొదటి వారంలోనే పని ముగించండి.

4. సినాప్సిస్: పరీక్షకు ముందే ఒక చిత్తు రాసి పెట్టండి

జేఆర్‌ఎఫ్ వచ్చినంత మాత్రాన పీహెచ్‌డీ సీటు రాదు. సీటు యూనివర్సిటీలో విడిగా సంపాదించుకోవాలి. అక్కడ ఇంటర్వ్యూలో నిలబెట్టేది మీ పరిశోధన ప్రతిపాదన. ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సాంఘిక శాస్త్రాల పరిశోధన మండలి) లాంటి వాటి ఫెలోషిప్పులకూ అదే ముఖ్యం.

ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది: "ఉద్దానంలో కిడ్నీ వ్యాధి - ఒక అధ్యయనం." ఇందులో ప్రశ్న లేదు. ఎవరిని కలుస్తారు, ఏం లెక్కిస్తారు, ఎన్నాళ్లు పడుతుంది, ఏదీ తెలియదు. వ్యాధికి కారణం కనిపెట్టడం ఒక ఎకనామిక్స్ స్కాలర్ ఒంటిచేత్తో అయ్యే పని కూడా కాదు.

దాన్ని మెట్టు మెట్టుగా కుదించండి. మీ సబ్జెక్టు ఎకనామిక్స్ అనుకుందాం. జబ్బును పక్కనపెట్టి జబ్బున్న ఇంటి ఖర్చు తీసుకోండి. ఉద్దానం అంతా వద్దు, కవిటి, వజ్రపుకొత్తూరు రెండు మండలాలు చాలు. రోగులందరూ వద్దు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ల ఇళ్లు. ఇప్పుడు ప్రశ్న అడగండి: వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లాల్సిన ఇంట్లో ఎవరి కూలి పోతోంది, ఆ లోటు ఎలా పూడుస్తున్నారు, కొబ్బరి తోట తాకట్టు పెట్టా, పిల్లల చదువు ఆపా? ఇదైతే మూడేళ్లలో చెయ్యొచ్చు, ఇంటర్వ్యూలో అడిగినవాటికి జవాబు చెప్పొచ్చు.

పొందూరు ఖాదీ, సవర భాష, తేలినీలాపురం పక్షులు, బొబ్బిలి వీణ, ఏ అంశమైనా ఇలాగే కుదించాలి. సొంత ఊరి అంశం తీసుకుంటే చిన్నబోతామేమో అని కొందరు సందేహిస్తారు. భాష తెలిసి, దారి తెలిసి, ఇంట్లోకి రానిచ్చే మనుషులుండడం పరిశోధకుడికి పెద్ద బలం.

నాలుగు పేజీలు చాలు: ప్రశ్న, ఇప్పటిదాకా ఎవరేం రాశారు, మీరు సమాచారం ఎలా సేకరిస్తారు, ఏ నెల ఏ పని. "ఇప్పటిదాకా ఎవరేం రాశారు" అన్నచోట పేర్ల జాబితా ఇవ్వకుండా, వాళ్లు వదిలేసింది ఏమిటో రాయండి. మీరు చదవని పుస్తకం పేరు పెట్టొద్దు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

5. పరీక్ష రోజు

సెంటర్ మీ ఊళ్లోనే పడుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. విశాఖ పడితే, ఇచ్ఛాపురం, పలాస, పార్వతీపురం వాళ్లు ముందురోజు సాయంత్రానికే చేరండి. శ్రీకాకుళం పడితే, రైలు దిగే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉందని, అక్కడి నుంచి పట్నానికి మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాలని గుర్తుంచుకోండి. అడ్మిట్ కార్డు మీద గేటు మూసే సమయం ఉంటుంది. పరీక్ష సమయం కన్నా అదే ముఖ్యం.

6. ఫలితం వచ్చేదాకా

ఎంతకాలం పడుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. 2024 జూన్ 18న జరిగిన యూజీసీ నెట్ మర్నాడే రద్దయింది. ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు మళ్లీ పెట్టారు, ఫలితం అక్టోబరు 17న వచ్చింది. అంటే మళ్లీ రాసిన పరీక్ష ముగిశాక కూడా ఆరు వారాలు. ఇంట్లో వాళ్లకి ముందే "రెండు నెలలు పట్టొచ్చమ్మా" అని చెప్పండి. "రిజల్ట్ ఎప్పుడు బాబూ" అని రోజూ అడగడం తగ్గుతుంది, మీకూ టెన్షన్ తగ్గుతుంది.

మధ్యలో మీరు మిస్ కాకూడనిది ప్రాథమిక కీ, అంటే సరైన జవాబుల మొదటి జాబితా. దాంతోపాటు మీరు పెట్టిన జవాబులుండే రెస్పాన్స్ షీట్ కూడా పెడతారు. వెంటనే దించుకోండి, లింకు ఎక్కువ రోజులు ఉండదు. అభ్యంతరానికి ప్రశ్నకి 200 రూపాయలు, తిరిగి రావు, గడువు రెండు మూడు రోజులే. కోపంతో పది ప్రశ్నలకు కట్టెయ్యకండి. ప్రామాణిక పుస్తకంలో పేజీ చూపించగలిగితేనే కట్టండి.

మార్కులు లెక్క కట్టుకున్నాక పాత కటాఫ్‌లతో పోల్చుకుని వచ్చేసిందనో పోయిందనో తేల్చుకోవద్దు. షిఫ్టులు ఎక్కువైతే పర్సెంటైల్ లెక్కలోకి వస్తుంది. 97 పర్సెంటైల్ అంటే నూటికి 97 మార్కులు కాదు, మీతో రాసిన నూరు మందిలో 97 మంది మీ కన్నా వెనక లేదా సమానంగా ఉన్నారని. రెండు పేపర్లూ రాసినవాళ్లలో 6 శాతం మందికే నెట్ అర్హత ఇస్తారు, అందులోంచి సబ్జెక్టు వారీగా, వర్గం వారీగా జేఆర్‌ఎఫ్. కాబట్టి స్నేహితుడి సబ్జెక్టు కటాఫ్ మీకు పనికిరాదు. "రేపే రిజల్ట్" అనే టెలిగ్రామ్ గ్రూపుల నుంచి ఈ రెండు నెలలైనా బయటికి రండి. రోజుకి ఒకసారి అధికారిక వెబ్‌సైట్ చూస్తే చాలు.

ఈ ఆరు వారాల్లో చెయ్యదగ్గ పని చాలా ఉంది:

☐ సినాప్సిస్ చిత్తును రెండోసారి రాయడం
☐ ఆంధ్రా యూనివర్సిటీ, ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన యూనివర్సిటీ, ఇంకా బయటి రాష్ట్రాల్లో మీ అంశం మీద పనిచేసే గైడ్‌లు ఎవరో చూసి జాబితా రాసుకోవడం
☐ వాళ్లు రాసినవి కనీసం ఒక్కొక్కటి చదవడం
☐ తర్వాత చిన్న మెయిల్: మీరెవరు, అంశం ఏమిటి, వాళ్ల పనిలో మీకు ఉపయోగపడింది ఏది, ఖాళీ ఉందా
☐ సర్టిఫికెట్ గడువు దాటుతుంటే కొత్తది

ఒకే మెయిల్ యాభై మందికి పంపొద్దు. చదివిన మొదటి వాక్యంలోనే వాళ్లకి తెలిసిపోతుంది. పది రోజులైనా జవాబు రాకపోతే ఒకసారి మర్యాదగా గుర్తు చెయ్యండి. ఆ తర్వాత జాబితాలో తర్వాతి పేరు.

7. జేఆర్‌ఎఫ్ రాకపోతే

స్కోర్‌కార్డు పూర్తిగా చదవండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చి ఉంటే దానికి గడువు లేదు. పీహెచ్‌డీ ప్రవేశ అర్హత ఏడాది పాటు చెల్లుతుంది. ప్రవేశంలో నెట్ మార్కుకి 70, ఇంటర్వ్యూకి 30 శాతం విలువ. సీటు తీసుకుని చేరిపోయి, వయసు ఉన్నంతవరకు జేఆర్‌ఎఫ్ మళ్లీ రాయొచ్చు. యూజీసీ నెట్‌కి ఇన్నిసార్లే అన్న పరిమితి లేదు.

రెస్పాన్స్ షీట్ ముందు పెట్టుకుని పోయిన మార్కులను మూడు కుప్పలు చెయ్యండి: తెలియనివి, తెలిసి తప్పు పెట్టినవి, సమయం చాలక గుడ్డిగా పెట్టినవి. మన పిల్లలకి మూడో కుప్ప పెద్దది, అదీ ఎక్కువగా మొదటి పేపర్లో. రోజూ గంట ఇంగ్లిష్‌లో పేరాగ్రాఫ్ చదివి జవాబులు రాసే సాధన చేస్తే ఆ కుప్ప తగ్గుతుంది.

8. వచ్చాక: చేరిక నుంచి మొదటి నెల డబ్బు దాకా

స్కోర్‌కార్డు వేరు, అవార్డు లెటర్ వేరు. అవార్డు లెటర్ తర్వాత వస్తుంది. దాని మీద ఎంతకాలం చెల్లుతుందో ఉంటుంది. ఆ తేదీ లోపు పీహెచ్‌డీలో చేరాలి. ఆ తేదీని క్యాలెండర్ మీద రాసి గోడకి పెట్టండి. సర్టిఫికెట్ డిజిలాకర్‌లో దొరుకుతుంది.

చేరగానే జాయినింగ్ రిపోర్టు గైడ్, హెచ్‌ఓడీ సంతకాలతో యూనివర్సిటీ ఫెలోషిప్ విభాగంలో ఇవ్వండి. రసీదు అడగండి. యూజీసీ జేఆర్‌ఎఫ్ కెనరా బ్యాంకు పోర్టల్ ద్వారా వస్తుంది. అందులో మీ వివరాలు యూనివర్సిటీలో మేకర్ అనే వ్యక్తి ఎక్కిస్తే, చెకర్ అనే ఇంకో వ్యక్తి ఆమోదించాలి. ఆ తర్వాత కూడా మీరు కొనసాగుతున్నారని నెలనెలా వాళ్లే నిర్ధారించాలి. డబ్బు రాలేదని యూజీసీకి మెయిల్ పెట్టే ముందు ఈ ఇద్దరూ ఎవరో కనుక్కుని వెళ్లి కలవండి. ఎక్కువ ఫైళ్లు ఆగేది అక్కడే.

2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత వచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000 రూపాయలు. హాస్టల్ ఇవ్వకపోతే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. హాస్టల్‌లో ఉంటూ హెచ్‌ఆర్‌ఏ తీసుకుంటే తర్వాత తిరిగి కట్టాలి. ఫెలోషిప్ తీసుకుంటూ ఇంకో జీతం గానీ ఇంకో ఫెలోషిప్ గానీ తీసుకోకూడదు. గెస్ట్ ఫ్యాకల్టీగా చేస్తున్నవాళ్లు చేరే ముందే రిలీవింగ్ లెటర్ తీసుకోండి.

మొదటి రెండు మూడు నెలలు డబ్బు ఆలస్యంగా, తర్వాత బకాయిలతో కలిపి రావడం మామూలే. చేరే ముందే కనీసం మూడు నెలల అద్దె, భోజనం ఖర్చు చూసుకోండి. అప్పు చెయ్యాల్సి వస్తే ఇంట్లో చెప్పే చెయ్యండి.

రెండేళ్లు నిండాక కమిటీ మీ పని చూసి ఎస్‌ఆర్‌ఎఫ్‌కి సిఫారసు చెయ్యాలి. కమిటీ కూర్చోవడానికి సమయం పడుతుంది కాబట్టి రెండేళ్లకు మూడు నెలల ముందే గైడ్ గారికి గుర్తు చేసి, చేసిన పని నివేదిక చేతికివ్వండి.